జేబులో చాకు – చట్టం ఏమంటుంది?



మన పల్లెల్లో, పట్టణాల్లో చాకు పెట్టుకోని చెయ్యి అరుదు. తోటకు వెళ్ళే రైతు మొలలో కొడవలి, గొర్రెలు కాసేవాడి సంచిలో మచ్చుకత్తి, గీత కార్మికుడి నడుముకు గీతకత్తి, కరెంటు పనివాడి జేబులో మడతచాకు, పండ్లబండి మీద పొడుగాటి కత్తి. ఇవన్నీ రోజూ కంటికి కనిపించేవే. వీటిని పనిముట్లుగానే చూస్తాం, ఆయుధాలుగా చూడం. కానీ అదే చాకు తిరునాళ్ళలోనో, రైల్వే స్టేషను దగ్గరో, ఎన్నికల రోజుల్లో వాహనాల తనిఖీలోనో బయటపడితే పోలీసువారు ఆపి ప్రశ్నిస్తారు. "ఇదెందుకు పెట్టుకున్నావు?" అని అడుగుతారు. ఆ ప్రశ్న కన్నడంలోనో, తమిళంలోనో, ఒడియాలోనో, మరాఠీలోనో ఉంటుంది. మనవాడికి నోట మాట రాదు. మాట తడబడితే అనుమానం పెరుగుతుంది. చిన్న చాకు పెద్ద చిక్కుగా మారేది అక్కడే.

అందువల్ల జేబులో చాకు పెట్టుకోవడం నేరమా, కాదా, ఏ చాకుకు లైసెన్సు కావాలి, ఎక్కడ పెట్టుకోకూడదు, పోలీసువారు పట్టుకుంటే మనకున్న హక్కులేమిటి అనే విషయాలను ఈ రోజు వివరంగా తెలుసుకుందాం.

మొదట ఒక సంగతి గుర్తుంచుకోవాలి. బళ్ళారిలో ఉన్నా, హోసూరులో ఉన్నా, పర్లాకిమిడిలో ఉన్నా, సిరోంచలో ఉన్నా, యానాంలో ఉన్నా ఆయుధాల విషయంలో అందరికీ వర్తించే మూల చట్టం ఒక్కటే. అది 1959 నాటి ఆయుధాల చట్టం. 1962 అక్టోబరు 1 నుంచి అమలులో ఉంది. అంతకుముందు బ్రిటిషువారు 1878లో చేసిన ఆయుధాల చట్టం ఉండేది. ప్రజల చేతుల్లో ఆయుధాలు లేకుండా చేయడమే ఆనాటి పాలకుల ఉద్దేశం. స్వతంత్రం వచ్చాక చేసిన చట్టం పనిముట్టును, ఆయుధాన్ని వేరు చేసి చూస్తుంది. మన చర్చకు కీలకం ఈ తేడాయే.

ఆయుధం అంటే ఏమిటో ఆ చట్టంలోని రెండవ సెక్షను చెబుతుంది. దాడికి గాని, ఆత్మరక్షణకు గాని ఆయుధంగా తయారుచేసిన వస్తువు, లేదా అలా మార్చుకున్న వస్తువు ఆయుధమవుతుంది. తుపాకులతోపాటు పదునైన అంచుగల మారణాయుధాలు కూడా ఇందులోకి వస్తాయి. అయితే కేవలం ఇంటి వాడకానికి, వ్యవసాయానికి తయారైన వస్తువులను చట్టమే ఈ నిర్వచనం నుంచి తప్పించింది. మామూలు చేతికర్రను, లాఠీకర్రను ఉదాహరణగా పేర్కొంది. అంటే మీ వంటింట్లోని కత్తిపీట ఆయుధం కాదు. పొలంలోని కొడవలీ ఆయుధం కాదు. పిడిబాకు, బల్లెం, కర్రలో దాచిన కత్తి మాత్రం ఆయుధాలే. వాటిని తయారుచేసిందే అందుకు గనుక.

ఇక్కడ మార్చుకోవడం అనే మాటను గమనించాలి. వ్యవసాయపు కత్తినే తీసుకుని, దానికి రెండో వైపు కూడా పదును పెట్టించి, మొన తేల్చి, పట్టుకోవడానికి ప్రత్యేకంగా పిడి బిగించుకుంటే అది పనిముట్టుగా మిగలదు. పుట్టుకతో పనిముట్టే అయినా మార్పుతో ఆయుధమైందని కేసు పెట్టడానికి అవకాశం ఉంటుంది.

ఇప్పుడు చాలామంది నోట వినిపించే తొమ్మిది అంగుళాల లెక్క సంగతి చూద్దాం. ఇది ఉత్తమాట కాదు, నియమాలలో ఉన్నదే. 1962 నాటి ఆయుధాల నియమాల స్థానంలో 2016లో కొత్త నియమాలు వచ్చాయి. వాటికి అనుబంధంగా ఉన్న మొదటి షెడ్యూలులో ఆయుధాలను తరగతులుగా విభజించారు. తుపాకులు కాని ఆయుధాలు అయిదవ తరగతి. కత్తులు, బాకులు, బల్లేలు, యుద్ధపు గొడ్డళ్ళు ఇందులో ఉన్నాయి. వీటితోపాటు అలగు తొమ్మిది అంగుళాలకంటె పొడుగ్గా గాని, రెండు అంగుళాలకంటె వెడల్పుగా గాని ఉన్న చాకులూ ఉన్నాయి. ఇంటి పనికి, వ్యవసాయానికి, శాస్త్ర పరిశోధనకు, పరిశ్రమకు తయారైనవాటికి ఇక్కడ కూడా మినహాయింపు ఇచ్చారు. తొమ్మిది అంగుళాలంటే సుమారు 23 సెంటీమీటర్లు, రెండు అంగుళాలంటే 5 సెంటీమీటర్లు. పిడితో కలిపి కాదు, అలగు ఒక్కదాన్నే కొలవాలి.

అలాగైతే తొమ్మిది అంగుళాల లోపు చాకు ఎక్కడికైనా తీసుకుపోవచ్చునా అని మీరు అడగవచ్చు. అలా అనుకోవడం పొరపాటు. ఆ కొలత లైసెన్సు లెక్క కోసం పెట్టింది. అన్ని చోట్లా, అన్ని రోజులా స్వేచ్ఛగా తిరగడానికి ఇచ్చిన అనుమతి పత్రం కాదు. ఎందుకో వరుసగా చూద్దాం.

తుపాకీకి దేశమంతటా లైసెన్సు ఉండాలి. ఇది మూడవ సెక్షను. కత్తుల వంటి ఇతర ఆయుధాలకు లైసెన్సు అవసరమా కాదా అన్నది నాలుగవ సెక్షను చెబుతుంది. ఒక ప్రాంతంలోని పరిస్థితులనుబట్టి, ప్రజాహితం దృష్ట్యా అవసరమనుకుంటే, ఫలానా రకం ఆయుధాలను లైసెన్సు లేకుండా కొనకూడదు, ఉంచుకోకూడదు, తీసుకుని తిరగకూడదు అని గెజెట్టులో ప్రకటన చేయవచ్చు. ఆ ప్రకటన వచ్చిన ప్రాంతంలో, ఆ రకం ఆయుధానికి లైసెన్సు తప్పనిసరి. లేకపోతే 25వ సెక్షను కింద ఏడాదికి తగ్గకుండా మూడేళ్ళదాకా జైలు, జరిమానా పడవచ్చు. మీ జిల్లాకు అలాంటి ప్రకటన ఉన్నదీ లేనిదీ కలెక్టరు కార్యాలయంలో ఆయుధాల లైసెన్సులు చూసే విభాగాన్ని అడిగి తెలుసుకోవచ్చు.

దీనికి బాగా తెలిసిన ఉదాహరణ ఢిల్లీ. అక్కడ 1980లో ఒక ప్రకటన వచ్చింది. మీట నొక్కితే అలగు బయటికి దూకే బటన్ చాకులు, అలాంటి స్ప్రింగు చాకుల గురించి అది. అలగు 7.62 సెంటీమీటర్లు, అంటే మూడు అంగుళాలు గాని అంతకంటె ఎక్కువ గాని పొడుగు, 1.72 సెంటీమీటర్లు గాని అంతకంటె ఎక్కువ గాని వెడల్పు ఉన్నవాటికి అది వర్తిస్తుంది. చూడండి, దేశమంతటికీ చెప్పే తొమ్మిది అంగుళాల లెక్క ఆ ఊరిలో మూడు అంగుళాలకు దిగింది. పని మీద దూరప్రాంతాలకు వెళ్ళే మన యువకులు ఈ తేడాను మరచిపోకూడదు. ఆ ప్రకటన కిందనే ఒక వ్యక్తిపై పెట్టిన కేసును 2025లో సుప్రీంకోర్టు కొట్టివేసింది. ఆ ప్రకటన తయారీని, అమ్మకాన్ని, అమ్మడానికి దగ్గర ఉంచుకోవడాన్ని ఉద్దేశించిందని, నిందితుడు చాకును అమ్మకానికి ఉంచుకున్నాడని అభియోగపత్రంలో ఎక్కడా లేదని న్యాయస్థానం గుర్తించింది. ఇందులో మనకు రెండు పాఠాలున్నాయి. ప్రకటనలోని ప్రతి మాటకూ విలువ ఉంటుందన్నది ఒకటి. ఆ విలువ తేలేలోగా మనిషి పై కోర్టుదాకా తిరగవలసి వస్తుందన్నది రెండవది.

ఇక సరిహద్దు జిల్లాలవారికి తరచుగా ఎదురయ్యేది తాత్కాలిక నిషేధాజ్ఞలు. పండుగల ఊరేగింపులు, ఎన్నికలు, బందులు, రెండు వర్గాల మధ్య గొడవలు ఉన్నప్పుడు అధికారులు ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు ఆయుధాలు, కత్తులు, కర్రలు పట్టుకుని తిరగకూడదని ఉత్తర్వు జారీ చేస్తారు. ఇదివరకు 144వ సెక్షను అని అందరి నోటా నలిగిన మాట ఉంది కదా, అది పాత నేర ప్రక్రియా స్మృతిలోనిది. 2024 జులై 1 నుంచి దాని స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత వచ్చింది. అందులో ఇది 163వ సెక్షను. మేజిస్ట్రేటు ఇచ్చే ఇటువంటి ఉత్తర్వు రెండు నెలలకు మించి ఉండదు. అవసరమైతే రాష్ట్ర ప్రభుత్వం మరో ఆరు నెలలకు మించకుండా పొడిగించవచ్చు.

ఇదిగాక మహారాష్ట్రలో 1951 నాటి పోలీసు చట్టం 37వ సెక్షను, కర్ణాటకలో 1963 నాటి పోలీసు చట్టం 35వ సెక్షను కూడా ఇటువంటి అధికారాన్నే ఇస్తున్నాయి. ఈ ఉత్తర్వులు ఉన్న రోజుల్లో అలగు ఎన్ని అంగుళాలు అన్న ప్రశ్నే ఉండదు. దెబ్బ తీయడానికి పనికివచ్చే వస్తువు అయితే చాలు, చేతికర్ర కూడా నిషేధం కిందికి రావచ్చు.

సరిహద్దులో ఉన్నవారికి ఇక్కడ ఒక ఇబ్బంది ఉంది. ఒక జిల్లాలో ఉత్తర్వు ఉంటుంది, వాగు దాటితే ఉండదు. యానాంలో పుదుచ్చేరి పరిపాలన, ఎదుర్లంక వారధి దాటితే ఆంధ్రప్రదేశ్ పరిపాలన. పావగడ తాలూకా కర్ణాటకది, చుట్టూ ఆంధ్ర గ్రామాలు. పొద్దున బయలుదేరిన ఊళ్ళో లేని నిషేధం మధ్యాహ్నం చేరిన సంతలో ఉండవచ్చు. ఉత్తర్వు కూడా ఆ రాష్ట్ర భాషలోనే అంటిస్తారు. కనుక పండుగలు, ఎన్నికల రోజుల్లో అవతలి ఊరికి వెళ్ళేటప్పుడు అక్కడి బంధువులనో, పరిచయస్తులనో ముందుగా విచారించుకోవడం మంచిది.

నిషేధాజ్ఞను మీరితే భారతీయ న్యాయ సంహిత 223వ సెక్షను కింద ఆరు నెలలదాకా సాధారణ జైలు, లేదా 2,500 రూపాయలదాకా జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. ఆ మీరడం వల్ల మనుషుల ప్రాణానికి ముప్పు కలిగితే ఏడాదిదాకా జైలు, 5,000 రూపాయలదాకా జరిమానా. ఉత్తర్వు ఉన్నదని తెలిసి మీరినప్పుడే ఇది నేరమని చట్టం చెబుతోంది. అంతేకాదు, సంబంధిత అధికారి రాతపూర్వకంగా ఫిర్యాదు చేస్తేనే న్యాయస్థానం ఈ కేసును విచారణకు తీసుకుంటుంది. ఈ అంశం మీ వకీలుకు ఉపయోగపడుతుంది.

కొన్ని చోట్లకు ప్రత్యేక నిబంధనలున్నాయి. పోలింగు రోజున పోలింగు కేంద్రం పరిసరాలకు ఆయుధంతో వెళ్ళకూడదు. 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 134-బి సెక్షను ప్రకారం దీనికి రెండేళ్ళదాకా జైలు గాని, జరిమానా గాని, రెండూ గాని విధించవచ్చు. ఆయుధాన్ని ప్రభుత్వం స్వాధీనం చేసుకుంటుంది. తోటనుంచి తిన్నగా ఓటు వేయడానికి వెళ్ళేవారు కత్తీ కొడవలీ ఇంట్లో పెట్టి వెళ్ళడమే శ్రేయస్కరం. విమానంలో చేతిసంచితో చాకును లోపలికి రానివ్వరు. అవసరమైతే లగేజీలో వేసి పంపాలి. కోర్టులు, కలెక్టరు కార్యాలయాలు, మెట్రో రైలు స్టేషన్ల వంటి తనిఖీ ఉన్న చోట్ల కూడా సాధారణంగా చాకును లోపలికి అనుమతించరు.

మన ప్రాంతంలో నాందేడుకు, బీదరుకు గురుద్వారాల దర్శనానికి వచ్చే సిక్కు సోదరులను చూస్తుంటాం. వారి నడుముకు కృపాణం ఉంటుంది. "వారికొక న్యాయం, మనకొక న్యాయమా?" అని కొందరు అడుగుతారు. కృపాణం ధరించడం సిక్కు మతాచరణలో భాగమని రాజ్యాంగం 25వ అధికరణం వివరణలోనే రాసి ఉంది. అయినా దానికీ హద్దులున్నాయి. దేశంలోపలి విమానాల్లో సిక్కు ప్రయాణికుల కృపాణం అలగు ఆరు అంగుళాలకు, మొత్తం పొడుగు తొమ్మిది అంగుళాలకు మించకూడదని 2022లో విమానయాన భద్రతా సంస్థ నిర్దేశించింది.

ఇప్పటిదాకా చెప్పింది దగ్గర ఉంచుకోవడం గురించి. వాడితే కథ వేరు. మడతచాకు ఎంత చిన్నదైనా, దానితో ఇంకొకరిని గాయపరిస్తే న్యాయ సంహిత 118వ సెక్షను వర్తిస్తుంది. మామూలు గాయానికి మూడేళ్ళదాకా జైలు గాని, 20,000 రూపాయలదాకా జరిమానా గాని, రెండూ గాని. తీవ్రమైన గాయమైతే ఏడాదికి తగ్గకుండా పదేళ్ళదాకా జైలు, లేదా యావజ్జీవం, దానితోపాటు జరిమానా. మారణాయుధంతో చట్టవిరుద్ధమైన గుంపులో చేరితే, ఎవరినీ ముట్టుకోకపోయినా రెండేళ్ళదాకా శిక్ష పడవచ్చు. చేతిలో చాకు లేకపోతే మాటామాటా అనుకుని విడిపోయే తగాదా, చాకు ఉన్నందువల్ల ఒక ప్రాణాన్ని, రెండు కుటుంబాలను బలితీసుకుంటుంది.

ఆత్మరక్షణకు చాకు పెట్టుకుంటామనేవారు, ముఖ్యంగా రాత్రిపూట పని ముగించుకుని వచ్చే అక్కచెల్లెళ్ళు ఉన్నారు. తనను, తనవారిని కాపాడుకునే హక్కు చట్టం ప్రతి ఒక్కరికీ ఇచ్చింది. అయితే ఆపద తప్పించుకోవడానికి ఎంత అవసరమో అంతే హాని చేయాలి. పోలీసులను ఆశ్రయించే వ్యవధి ఉన్నప్పుడు ఆ హక్కు ఉండదు. ఆపద ఎదురైన క్షణంలో పుట్టే హక్కు అది. ఏ చాకునైనా ఎల్లవేళలా పెట్టుకు తిరగడానికి అది లైసెన్సు కాదు. ఆత్మరక్షణకు చేసినది కూడా ఆయుధమేనని నిర్వచనంలోనే ఉన్నదని ఇంతకుముందే చెప్పుకున్నాం. ఎదుటివాడు లాక్కుంటే మన చాకు మనకే శత్రువు. ఆపదలో 112 నంబరుకు ఫోను చేయడం, వెలుతురున్న దారిన, తోడుతో రావడం ఎక్కువ రక్షణనిస్తాయి.

ఈమధ్య కుర్రకారు పుట్టినరోజున కేకును తల్వారుతో కోసి, ఆ ఫొటోలను సెల్‌ఫోన్లలో పంచుకుంటున్నారు. సరదాకే కావచ్చు. కాని మహారాష్ట్రలో, తమిళనాడులో ఇలాంటివారిపై పోలీసులు కేసులు పెట్టిన సందర్భాలు అనేకం. చదువుకునే పిల్లవాడికి ఉద్యోగం వచ్చే వేళ ఆ కేసు అడ్డుపడితే ఆ సరదా ఎంత ఖరీదైనదో అప్పుడు తెలుస్తుంది.

సరే, ఏ దురుద్దేశమూ లేకుండా పనిచాకు పెట్టుకున్న మనిషిని పోలీసువారు ఆపారనుకుందాం. ఏం చేయాలి?

పారిపోకూడదు. చాకును చేతిలోకి తీసుకోకూడదు. ఎక్కడుందో నోటితో చెప్పాలి. "తోట పనికి వెళ్ళి వస్తున్నాను" అనో, "కరెంటు పని చేస్తాను, సంచిలో మిగతా సామాను ఉంది" అనో నిజం నిదానంగా చెప్పాలి. చాకు పక్కన పనిసామాను ఉంటే ఆ మాటకు బలం వస్తుంది. స్థానిక భాషలో ఈ ఒక్క వాక్యం చెప్పడం ఇంట్లో అందరికీ నేర్పించండి.

అరెస్టు చేస్తే కారణం చెప్పాలని రాజ్యాంగం 22వ అధికరణం ఆదేశిస్తోంది. ఆ కారణాలను అరెస్టయిన వ్యక్తికి అర్థమయ్యే భాషలో, రాతపూర్వకంగా ఇవ్వాలని సుప్రీంకోర్టు 2025 నవంబరులో తీర్పు చెప్పింది. పరాయి భాషా రాష్ట్రంలో తరతరాలుగా బతుకుతున్న మనకు ఈ తీర్పు ఎంతో విలువైనది. "నాకు ఈ భాష చదవడం రాదు, తెలుగులో ఇవ్వండి" అని మర్యాదగా అడగవచ్చు. అలా అడగడం ధిక్కారం కాదు.

అరెస్టు సంగతి మీ బంధువుకో, స్నేహితునికో తెలియజేయాలి. ప్రయాణ సమయం పోగా 24 గంటలలోగా మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి. మీ దగ్గర తీసుకున్న వస్తువులకు రసీదు ఇవ్వాలి. ఆ రసీదులో చాకు రకం, కొలత సరిగా రాశారో లేదో చూపించుకోండి. మూడంగుళాల మడతచాకు కాగితం మీద పెద్ద కత్తి కాకూడదు కదా! కొత్త చట్టం ప్రకారం సోదాను, స్వాధీనాన్ని ఫోనులోనైనా సరే వీడియో తీయాలి. స్త్రీలను స్త్రీలే, మర్యాదకు భంగం లేకుండా సోదా చేయాలి. దర్యాప్తులో పోలీసులకు చెప్పిన వాంగ్మూలంపై సంతకం చేయనవసరం లేదు. అర్థంకాని కాగితం మీద, ఖాళీ కాగితం మీద సంతకం పెట్టవద్దు.

వకీలును పెట్టుకునే స్తోమత లేనివారికి 1987 నాటి న్యాయసేవల చట్టం కింద ఉచిత న్యాయసహాయం లభిస్తుంది. నిర్బంధంలో ఉన్నవారు, స్త్రీలు, షెడ్యూల్డు కులాలు, తెగలవారు ఆదాయంతో నిమిత్తం లేకుండా దీనికి అర్హులు. జిల్లా న్యాయసేవాధికార సంస్థ కార్యాలయం సాధారణంగా కోర్టు ఆవరణలోనే ఉంటుంది. 15100 నంబరుకు ఫోను చేసినా వివరాలు చెబుతారు.

చివరగా, ఇంతవరకు చెప్పుకున్న విషయాలను క్లుప్తంగా మననం చేసుకుందాం. పనికోసం తయారైన మామూలు చాకు, కొడవలి ఆయుధాలు కావు. బాకులు, బటన్ చాకులు, తొమ్మిది అంగుళాలు దాటిన కత్తుల జోలికి పోకండి. బజారులోనో, ఫోనులోనో అమ్ముతున్నారు కాబట్టి చట్టబద్ధమేనని అనుకోకండి. పనిచాకును మడిచి, లేదా ఒరలోనో గుడ్డలోనో చుట్టి, పనిసామానుతోపాటు సంచిలో ఉంచండి. పని లేని రోజున, తిరునాళ్ళకు, ఊరేగింపుకు, పోలింగుకు, పెళ్ళికి వెళ్ళేటప్పుడు ఇంట్లో ఉంచి వెళ్ళండి. మద్యం పుచ్చుకున్న మనిషి దగ్గర చాకు ఉండనివ్వకండి. పక్క రాష్ట్రానికి వెళ్ళేముందు అక్కడ నిషేధాజ్ఞలు ఉన్నాయేమో కనుక్కోండి.

చాకు మన అన్నం సంపాదించిపెట్టే పనిముట్టుగానే ఉండాలి. ఎక్కడ, ఎప్పుడు, ఎందుకు అన్న మూడు ప్రశ్నలకు మీ దగ్గర సరైన సమాధానం ఉంటే, ఎవరు ఆపినా, ఏ భాషలో అడిగినా తడబడవలసిన పని ఉండదు. ఈ సంగతులు మీ ఇంట్లోని యువకులకు, రోజూ పక్క రాష్ట్రానికి పనికి వెళ్ళివచ్చేవారికి కూడా తెలియజేస్తారని ఆశిస్తూ సెలవు తీసుకుంటున్నాను.